మాట్లాడిన కమోడ్

జూన్ పన్నెండో తారీకు ఉదయం తొమ్మిది గంటలకి మా అత్త లక్ష్మమ్మ కొత్త కమోడ్ మీద కూర్చుంది. తొమ్మిదీ అయిదుకి కమోడ్ మాట్లాడింది.

ముందు గొంతు సవరించుకుంది. తర్వాత బుడబుడమంటూ పెద్దగా త్రేన్చింది. లోపల అత్త కేకా, బయట మా మావ చేతిలోంచి జారిన టీ గ్లాసు చప్పుడూ ఒక్కసారే వినిపించాయి.

"ఓలమ్మో! మంగా! బేగి రాయే! ఇందులో ఎవుడో ఉన్నాడే!"

తలుపు తోసుకుని లోపలికి దూకాను. అత్త అప్పటికే లేచి, వాకర్ పట్టుకుని గోడకి అతుక్కుపోయి ఉంది. కమోడ్‌లో నీళ్ళు అంచుదాకా లేచి, పొంగనా వద్దా అన్నట్టు ఊగుతున్నాయి. మధ్యలోంచి ఒక్కో బుడగ వచ్చి పగులుతోంది.

"ఎవుడూ లేడత్తా. నీళ్ళు."

"నీళ్ళు తిడతాయేటే? నన్ను తిట్టినాది! ఇన్నాను!"

ఆ క్షణానికి మాకు మిగిలింది రెండున్నర రోజులు. పద్నాలుగో తారీకు సాయంత్రంలోగా ఆ కమోడ్ నోరు మూయించకపోతే మా అత్త ఈ ఇంటి నుంచి వెళ్ళిపోతుంది. ఈసారి వెళ్తే తిరిగి రాదు. అలా అని మా ఆడపడుచు మోహిని వదిన చెప్పింది. మా వదిన ఏదన్నా చెప్పిందంటే చేసి తీరుతుంది.

సంగతి తెలియాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్ళాలి.

*

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ అరవై ఒక్క రోజులూ మా ఊళ్ళో మగవాళ్ళని భరించడం ఆడవాళ్ళ వల్ల కాదు. చిరిగిన వల బాగుచేస్తారు. అది అయిపోయాక బాగున్న వల కూడా బాగుచేస్తారు. వంటింట్లోకి తొంగిచూసి కూరలో చింతపండు ఎక్కువైందని చెబుతారు.

మా మావ లోకనాథానికి మాత్రం ఈ రెండు నెలలూ తీరికుండదు. మావి ఫైబర్ బోట్లు. ఎక్కడ పగులు కనిపించినా ఫైబర్ గుడ్డ పరిచి, రెజిన్ పూసి అతకాలి. ఆ పనిలో మావకి పేరుంది. ఆయన అతికించిన చోట మళ్ళీ నీటిచుక్క దూరదని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా పిలుస్తారు. కన్నమంటే ఆయనకి పుట్టు శత్రువు. ఇంట్లో బకెట్‌కి చిల్లి పడినా, వీధి కుళాయి కారుతున్నా రెజిన్ డబ్బా పట్టుకుని బయల్దేరతాడు.

ఒక్కటే పని వాయిదా వేశాడు. పెరట్లో మరుగుదొడ్డి. అక్కడ నేలబారు బేసిన్‌కి అటూ ఇటూ పాదాలు పెట్టుకునే చోట అరిగిపోయి గాజులా తయారైంది. "జారతన్నాది, మార్పించు" అని అత్త ఎన్నిసార్లు చెప్పినా మావ ఒకటే మాట. "ఈ వేట అవనీ."

శివరాత్రికి నాలుగు రోజుల ముందు అత్త అందులో జారి పడింది. లోపల గడియ పెట్టుకుని ఉంది. నా మొగుడు ఈశ్వర్ భుజంతో తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. తుంటి ఎముక విరిగింది. శ్రీకాకుళంలో ఆపరేషన్ అయ్యాక డాక్టరు తేల్చి చెప్పాడు. ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదు.

సోంపేటలో ఉన్న మోహిని వదిన ఇంట్లో కమోడ్ ఉంది. ఆస్పత్రి నుంచి అత్త నేరుగా అక్కడికే వెళ్ళింది.

వేట ఆగిన మర్నాడే మావ బుర్రలో ఒక ఆలోచన మెరిసింది. ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, నడిమధ్యలో గుండ్రంగా కోసి, అంచులు గుచ్చుకోకుండా ఫైబర్ అతికి, తీసుకెళ్ళి బేసిన్ మీద పెట్టాడు. చూడ్డానికి బాగానే ఉంది. పరీక్షించడానికి మనిషి కావాలి. అత్త తమ్ముడు జోగారావు బాబాయి దొరికాడు. ఆయన మా బోటులోనే వేటకొస్తాడు. వంద కిలోల మనిషి.

"నాకేటైనా అయితే నీదే పూచీ బావా."

"నీకేటవుద్దిరా? కూకో."

బాబాయి కూర్చున్నాడు. ఆ అరిగిన గచ్చు మీద కుర్చీ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి జారాయి. మేం వెళ్ళేసరికి బాబాయి కుర్చీ కన్నంలో నడుం దాకా ఇరుక్కుని, కాళ్ళు పైకెత్తి, "మా అక్కని సంపేత్తావా బావా!" అని అరుస్తున్నాడు. కోసి బయటికి తీశాం.

*

ఆ ఆదివారం ముంజలు పట్టుకుని మావ, నేను సోంపేట వెళ్ళాం. కుర్చీ కబురు మాకన్నా ముందే చేరిపోయింది.

"నాన్నా, అమ్మ ఇంక ఇక్కడే ఉంటాది" అంది మోహిని వదిన, మంచినీళ్ళు ఇవ్వకముందే. "ఆ జారుడుబండ మీదకి ఇంకోపాలి పంపను."

"మనింట్లోనూ కుర్చీ లెట్రిన్ కట్టేత్తానే" అన్నాడు మావ.

"ఎప్పుడు? ఈ వేట అయ్యాకా?"

మావ ముంజలున్న సంచి ముడి విప్పి, మళ్ళీ వేశాడు.

"నన్నడగరేటి ఎవులూ?" అంది అత్త మంచం మీంచి. "పదిహేనో తారీకు పొద్దున్న బోటు దిగుద్ది. బోటు ముక్కు కాడ కొబ్బరికాయ కొట్టీది నాను. ముప్పై ఏళ్ళై కొడతన్నాను. ఆ ఏలకి నానక్కడుండాల. మీరేటి సేసుకుంటారో సేసుకోండి."

వదిన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి మావ చేతికిచ్చింది. "సరే. కొత్తది కట్టండి. రెండు రోజుల ముందే అమ్మని పంపుతాను. పద్నాలుగో తారీకు సాయంత్రం నానే వచ్చి సూత్తాను. అన్నీ సవ్యంగా ఉంటే సరే. నేదంటే అమ్మని ఆటో ఎక్కించుకుని వచ్చేత్తాను. ఇంక దీని గురించి నన్నడగొద్దు."

మావ తలూపాడు. తర్వాత చేసిన పని మాకెవరికీ అర్థం కాలేదు. అత్తని చెక్క కుర్చీ మీద కూర్చోబెట్టి లేవమన్నాడు. మంచం మీద కూర్చోబెట్టి లేవమన్నాడు. బియ్యం డ్రమ్ము మీద, దివాన్ మీద, చివరికి గుమ్మంలో మెట్టు మీద కూడా. అత్త తిడుతూనే కూర్చుంది, తిడుతూనే లేచింది. మావ ఆమె చేతుల కేసి, కాళ్ళ కేసి చూడలేదు. మొహం కేసే చూశాడు. దివాన్ మీంచి లేచినప్పుడు మాత్రం ఆమె కళ్ళు చిట్లించలేదు.

జేబులోంచి వల కట్టే తాడు ముక్క తీసి, దివాన్ ఎత్తుకి పట్టి, కింద ఒక ముడి, పైన ఒక ముడి వేసి జేబులో పెట్టుకున్నాడు.

*

కమోడ్ కొనడానికి పలాస వెళ్ళాం. సూర్యారావు అనే ఆయన కొట్టులో వరసగా తెల్లటి కమోడ్లు పెట్టి ఉన్నాయి. మావ ఒక్కోదాన్నీ వేలిమెటికతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. బోటు అడుగు చూసేటప్పుడు అలాగే వింటాడు. తర్వాత తాడు తీసి ఒక్కోదానికీ ఎత్తు పెట్టాడు.

"ఏం చూస్తున్నారండీ?" అన్నాడు సూర్యారావు.

"ఎత్తు."

"అన్నీ ఒకటే ఎత్తండీ. కంపెనీ ఎత్తు."

"కంపెనీకి నా పెళ్ళాం తెలీదు కదా."

కొట్టులో ఉన్నవన్నీ ముడికి రెండంగుళాలు తక్కువే వచ్చాయి. మావ కదల్లేదు. చివరికి సూర్యారావు విసుక్కుంటూ గోడౌన్ తెరిచాడు. మూలన దుమ్ముపట్టి ఒకటుంది. "ముసలాళ్ళ కోసమని తెప్పించానండీ. ఎవరూ కొనలేదు" అన్నాడు. మావ తాడు పెట్టాడు. కింద ముడి నేలకి, పైముడి అంచుకి. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇది కట్టీ" అన్నాడు.

నిండు బరువుతో ఆటో మా ఊరి జీడితోటల దగ్గరే దిగబడింది. అక్కణ్ణుంచి ఇసక. కమోడ్‌ని పాత వలలో చుట్టి, తెడ్డుకి వేలాడగట్టి, ముందు ఈశ్వర్, వెనక జోగారావు బాబాయి భుజానికెత్తుకున్నారు. బోటు లాగేటప్పుడు వేసే కేక బాబాయి నోటికి అలవాటు. ఆయన "హైలెస్సా" అనగానే అరుగుల మీదున్న వాళ్ళంతా లేచి బయటికొచ్చారు.

"ఏటిది జోగులూ? పెళ్ళికూతురేటి, పల్లకీలో తెత్తన్నావు?"

"మా అక్క సింహాసనం! దారివ్వండి!"

"రాణిగారు ఎప్పుడొత్తన్నారు?"

"పన్నెండో తారీకు!"

వెనక మావ నడుస్తున్నాడు. నవ్వలేదు. కమోడ్ దేనికైనా తగులుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకుని నడుస్తున్నాడు.

మర్నాడు పొద్దున్న పాత బేసిన్ పగలగొట్టాలి. ఈశ్వర్ సుత్తి తీసుకుంటే మావ లాక్కున్నాడు. లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాడు. గంట పట్టాల్సిన పని అరగంటలో అయిపోయింది. బయటికొచ్చేసరికి ఆయన జుట్టంతా తెల్లటి పింగాణీ పొడి. చేతిలో రెండు ముక్కలు, అత్త పాదాలు పెట్టుకునే చోటివి. వాటిని ఎక్కడ పారేశాడో మేం అడగలేదు.

సోంపేట నుంచి ప్లంబర్ వాసు వచ్చాడు. కమోడ్ బిగించాడు, పైపులు కలిపాడు, పెరట్లో మరుగుదొడ్డి నీళ్ళు దిగే వరల గొయ్యి మూతకి కన్నం చేసి మనిషి ఎత్తుకి మించిన గొట్టం ఒకటి నిలబెట్టాడు. అవతల గృహప్రవేశం పని ఉందంటూ బండెక్కేశాడు.

"మిగతా పూతపని మేం సూసుకుంటాం" అన్నాడు మావ.

చూసుకున్నారు. మావ, ఈశ్వర్, బాబాయి అయిదు రోజులు చూసుకున్నారు. గోడ పగుళ్ళు, నేల అతుకులు, గొయ్యి మూత మీద పాత బీట, వరల మధ్య సందులు, అన్నింటికీ ఫైబర్ గుడ్డ, రెజిన్. ఆ మరుగుదొడ్డిని తీసుకెళ్ళి సముద్రంలో పడేస్తే తేలుతుందని నేనంటే మావ మురిసిపోయాడు. చివరికి బోటుకి వెయ్యగా మిగిలిన నీలం రంగు తలుపుకి వేశారు, కిటికీకి వేశారు, గొట్టానికి వేశారు. గొట్టం నెత్తిన గుండ్రంగా ఒక నీలం టోపీ కూడా తొడిగారు. ముద్దుగా ఉంది.

పన్నెండో తారీకు పొద్దున్న అత్త ఆటో దిగింది. తొమ్మిది గంటలకి కూర్చుంది. తొమ్మిదీ అయిదుకి కమోడ్ మాట్లాడింది.

*

మొదటి అనుమానం వాసు మీద. ఫోన్ చేశాను.

"ఏంటక్కా, నీళ్ళు దిగట్లేదా?"

"దిగుతున్నాయి తమ్ముడూ, అలిగి దిగుతున్నాయి. ముందు పైకొస్తాయి, బుడబుడమంటాయి, పావుగంటకి దిగుతాయి."

"గాలి గొట్టం పెట్టాను కదా, అది ఉందా?"

పెరట్లోకి తొంగిచూశాను. "ఉంది. నీలం రంగు కూడా వేశారు."

"అయితే గాలి గొడవ కాదు. ఎక్కడో ఏదో అడ్డం పడుంటది. కర్రతో పొడవండి. నేను పదహారు దాకా రాలేను."

రెండో అనుమానం పైపులో అడ్డు. జోగారావు బాబాయి పొడుగాటి వెదురుబద్ద తెచ్చి గంటసేపు పొడిచాడు. ఏమీ తగల్లేదు. మూడో అనుమానం పైపు వాలు. ఈశ్వర్ పారతో తవ్వి, సీసాలో నీళ్ళు పోసి పైపు మీద పడుకోబెట్టి చూశాడు. వాలు సరిగ్గానే ఉంది. నాలుగోది గొయ్యి నిండిపోయిందేమోనని. అది మే నెలలోనే ఖాళీ చేయించాం.

పదమూడో తారీకు సాయంత్రానికి అనుమానించడానికి ఇంకేమీ మిగల్లేదు, కమోడ్ తప్ప.

"అదే పాడుది" అన్నాడు బాబాయి. "గోడౌన్‌లో ఎవులూ కొనకండా ఎందుకు మిగిలినాదంటావు? సెడ్డది గనకే! నువ్వు తాడు పెట్టి మరీ తెచ్చినావు."

"నోరు ముయ్యరా" అన్నాడు మావ. గొంతులో జోరు లేదు.

ఈలోగా అత్త అవసరాలు ఆగవు కదా. ఆమె కూర్చున్న ప్రతిసారీ నేను పక్కన నిలబడి చెంబుతో కొంచెం కొంచెంగా నీళ్ళు పోసేదాన్ని. కమోడ్ గొణిగితే అత్త తిరిగి తిట్టేది. రెండో రోజుకి ఇద్దరికీ బాగా మాటలు కలిశాయి.

"ఏటే, మల్లీ మొదలెట్టినావా? నీ కడుపులో ఏటున్నాదే? సెప్పుకో, నాకు సెప్పుకో."

నాకు నవ్వాగలేదు. అత్తకీ ఆగలేదు. అంతలోనే ఆమె మొహం మారిపోయింది.

"మంగా, రేపు మోహిని వచ్చి దీని నోరింటే నన్ను తీసుకుపోద్ది కదే."

"పోనివ్వను అత్తా."

"అది నీ మాట ఇంటాదేటి? నా మాటే ఇనదు." వాకర్ మీద చేతులు బిగించింది. "కూతురింట్లో ఏం తక్కువ సెయ్యనేదు. ఫ్యానుంది, టీవీ ఉంది. పొద్దున్న లేత్తే సముద్రం చప్పుడు లేదు, అంతే. ఈయనకేమో కొబ్బరికాయ తిన్నగా కొట్టడం రాదు. వంకరగా పగులుద్ది."

పెరట్లో మావ బోర్లించిన బకెట్ మీద కూర్చుని గొయ్యి మూత కేసే చూస్తున్నాడు. అత్త మాటలు ఆయనకి వినిపించే ఉంటాయి. కిటికీకి అద్దం ఇంకా బిగించలేదు.

*

పద్నాలుగో తారీకు మధ్యాహ్నం రెండు గంటలు. వదిన బయల్దేరానని ఫోన్ చేసింది.

ఒడ్డున ఊరంతా పండగలా ఉంది. తెల్లారితే వేట. బోట్లన్నీ నీళ్ళ అంచుకి లాగి, వలలు సర్దుతున్నారు. మా వాళ్ళకి అన్నం క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. ఈశ్వర్ ఇంజను ట్యాంకులో డీజిల్ పోస్తున్నాడు. ఇసక పడకుండా గరాటు చుట్టూ గుడ్డ కుక్కి బిగించి, క్యాను వంచాడు.

బుడబుడబుడ.

డీజిల్ లోపలికి దిగలేదు. గరాటు అంచుదాకా లేచింది. మధ్యలోంచి ఒక్కో బుడగ వచ్చి పగిలింది.

నా చేతిలో క్యారేజీ ఆగిపోయింది. ఆ చప్పుడు నాకు తెలుసు. రెండు రోజులుగా పక్కన నిలబడి వింటున్నాను.

"ఓరి ఎర్రోడా!" బోటు అవతల్నుంచి మావ అరిచాడు. "ఆ పక్కనున్న గాలి బిరడా ఇప్పరా! లోపలున్న గాలి ఎటు పోద్ది? గాలి బయటికి పోతే కదరా నూనె లోపలికి దిగుద్ది! పదేళ్ళై బోటెక్కుతున్నావు, ఇంకా సెప్పాలేటి?"

ఈశ్వర్ చిన్న బిరడా తిప్పాడు. సుయ్‌మంది. డీజిల్ గుటకెయ్యకుండా దిగిపోయింది.

"మావా" అన్నాను.

"ఏటమ్మా?"

"పెరట్లో వాసు పెట్టిన గొట్టం, అది దేనికి?"

"గాలికి."

"మరి దాని నెత్తిన టోపీ దేనికి?"

మావ నా కేసి చూశాడు. తర్వాత ట్యాంకు కేసి, ఈశ్వర్ చేతిలో ఉన్న చిన్న బిరడా కేసి చూశాడు.

"వానొత్తే నీళ్ళు దిగిపోతాయని..." అన్నాడు మెల్లగా. "కన్నం ఉంది కదాని..."

జోగారావు బాబాయి నోరు తెరిచాడు. జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా మూసుకున్నాడు.

మావ భుజం మీద తువ్వాలు తీసి బోటు మీద పెట్టాడు. చెప్పులు వెతుక్కోలేదు. కాలుతున్న ఇసకలో ఇంటి వైపు నడిచాడు. ముందు మామూలుగా నడిచాడు. కొబ్బరిచెట్ల దగ్గరికి వచ్చేసరికి అరవై మూడేళ్ళ మనిషి పరిగెడుతున్నాడు.

మేం చేరేసరికి నిచ్చెన మీద ఉన్నాడు. హాక్సా బ్లేడుతో నీలం టోపీ కోస్తున్నాడు. కోయడం అంత తేలిక కాదు. ఆయనే అతికాడు మరి, ఆయన అతికింది ఊడదు. చెమట కళ్ళలోకి కారుతోంది.

"నాన్నా, దిగు, నాను కోత్తాను" అన్నాడు ఈశ్వర్.

"నాను మూసినాను. నానే తెరుత్తాను."

సరిగ్గా అప్పుడే వీధిలో ఆటో ఆగింది. మోహిని వదిన దిగి, ఆటో అబ్బాయితో "ఉండు, అయిదు నిమిషాల్లో ఎల్లిపోదాం" అంటోంది.

టోపీ ఊడింది. గొట్టంలోంచి భుస్సుమని గాలి తన్నుకొచ్చింది. ఎలాంటి గాలో చెప్పక్కర్లేదు. నిచ్చెన పట్టుకున్న బాబాయి నిచ్చెన వదిలేసి దడి అవతలకి దూకాడు. మావ మాత్రం దాని ఎదురుగా మొహం పెట్టి, పువ్వుల వాసన పీల్చినట్టు నవ్వాడు.

"మంగా! నీళ్ళొగ్గు!"

బకెట్‌తో నీళ్ళెత్తి కమోడ్‌లో ఒక్కసారే కుమ్మరించాను. గిర్రున తిరిగి, చడీచప్పుడు లేకుండా మాయమయ్యాయి. అడుగున స్వచ్ఛమైన నీళ్ళు గిన్నెడు నిలిచాయి.

"ఏటే?" అంది అత్త కమోడ్ కేసి వంగి. "అలిగినావేటి? మాటాడవే?"

ఇదివరకు గొయ్యి మూత బీటలు వారి ఉండేదని, గాలి ఆ దారినే పోయేదని, ఆ బీటల్ని కూడా మావే మూసేశాడని మాకు తట్టింది ఆ తర్వాత.

*

మోహిని వదిన పరీక్ష మొదలుపెట్టింది. మూడు బకెట్లు పోసింది. కమోడ్ మీద తనే కూర్చుని చూసింది. నేల మీద పాదం రుద్ది చూసింది. మావ గచ్చులో ఇసక కలిపి గరుగ్గా చేశాడు, జారదు. పక్కగోడకి బోటు స్టీలు కడ్డీ బిగించాడు, పట్టుకుని లేవొచ్చు. వదినకి ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి తలుపు వెనక్కి చూసి ఆగింది.

"నాన్నా, గడియ ఏది?"

"తీసీసినాను. ఆ రోజు తలుపు పగలగొట్టే దాకా మీ అమ్మ లోపలే పడి ఉంది కదా. ఇంక ఈ తలుపుకి గడియుండదు."

"మరి లోపల ఏటైనా అయితే? నువ్వు ఎక్కడో వల కట్టుకుంటూ ఉంటావు. అమ్మ గొంతు అక్కడికి వినబడద్దేటి?"

మావ కమోడ్ పక్కన గోడ చూపించాడు. అక్కడ ఒక తాడు వేలాడుతోంది. వల కట్టే తాడు. దానికి రెండు ముడులున్నాయి. ఆ ముడుల దూరం నాకు తెలుసు. కొత్త తాడుతో కలిపి కట్టిన ఆ ముక్క కిటికీలోంచి బయటికి, చూరు కిందుగా, వంటింటి గోడ మీదుగా, మావ వల కట్టుకునే కొబ్బరిచెట్టు దాకా వెళ్ళింది. చివర ఒక పాలపొడి డబ్బా. అందులో వలకి కట్టే సీసం గుండ్లు.

"లాగు" అన్నాడు.

వదిన లాగింది. పెరడంతా దద్దరిల్లింది. పక్కింటి కోళ్ళు దడి దూకాయి.

వదిన తాడు వదిలింది. తర్వాత బయటికెళ్ళి ఆటో అబ్బాయితో చెప్పింది. "నువ్వెల్లిపో. రేపు బోటు దిగినాక వత్తాను."

*

తెల్లారుతుండగా అత్తని కుర్చీలో కూర్చోబెట్టి, ఈశ్వర్, బాబాయి చెరో పక్కా ఎత్తి ఒడ్డుకి మోశారు. ఈ కుర్చీకి కన్నం లేదని బాబాయి దారి పొడుగునా అందరికీ చెప్పాడు. అత్త వాకర్ పట్టుకుని తడి ఇసకలో పది అడుగులు నడిచింది. బోటు ముక్కుకి పసుపు రాసింది, కుంకం పెట్టింది, కొబ్బరికాయ ఎత్తి ఒక్క దెబ్బ కొట్టింది. నడిమికి తెగినట్టు రెండు చిప్పలు.

"సూసినావా?" అంది మావతో.

"సూసినాను."

"ఎల్లి రా."

అంతే మాట్లాడుకున్నారు. బోటు నీళ్ళలో దిగింది. మొదటి అల మీద ముక్కు లేచింది, రెండో అల దాటింది. వెనక్కి చూడకూడదంటారు గానీ మావ రెండుసార్లు చూశాడు.

వదిన సోంపేట వెళ్ళిపోయాక, ఒడ్డున ఉన్న కుర్రాళ్ళ చేత అత్తని ఇంటికి మోయించి, వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి వెలిగిద్దామని వంగేసరికి తల దేనికో తగిలి గలగలమంది.

పాలపొడి డబ్బా. కొబ్బరిచెట్టు దగ్గర ఉండాల్సింది నా పొయ్యి పక్కన, కిటికీ ఊచకి వేలాడుతోంది. తాడుని వంటింటి గోడ దగ్గరే కత్తిరించి, లోపలికి తిప్పి, కొత్తగా ఒక ముడి వేసి ఉంది. వేటకి బయల్దేరే హడావుడిలో ఎప్పుడు కట్టాడో తెలీదు. నాతో ఒక్క మాటైనా అనలేదు.

దాన్ని అలా చూస్తూ ఉండగానే అది మోగింది.

చేతిలో అగ్గిపెట్టె విసిరేసి పరిగెత్తాను. గుమ్మం దాటాను, పెరడు దాటాను, నీలం తలుపు తోశాను. అత్త కమోడ్ మీద దర్జాగా కూర్చుని ఉంది. తాడు ఇంకా చేతిలోనే ఉంది.

"ఏటత్తా! ఏటైంది?"

"ఏటీ నేదే. మీ మావ కట్టింది గట్టిదో కాదో సూసినాను."

"గట్టిదే."

"అయితే ఎల్లి టీ పెట్టు."

సాయంత్రం బోటు తిరిగొచ్చేలోగా ఆ డబ్బా పదకొండుసార్లు మోగింది. పదకొండుసార్లూ పరిగెత్తాను.